కింది దుంగకు ఒదిగిన ఇల్లు

దుంగ మీద చెయ్యి పెట్టి చూడండి. బెరడు ఒలిచిన స్ప్రూస్ మాను. నిరుడు జూలైలో నరికి, ఒలిచి, పేర్చి వదిలేసిన గుట్టలో ఇదొకటి. ఒక చలికాలమంతా మంచు మోసింది, గాలికి ఆరింది, ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది. అరచేతికి జిగట అంటదు. వంగి వాసన చూస్తే గుగ్గిలం గుర్తుకొస్తుంది. ఇలాంటివి యాభై దాకా ఉన్నాయి. గోడ ఇంకా మొదలుకాలేదు గానీ, ఇంటికి కావలసిన మొదటి పని అయిపోయింది. ఏడాది పాటు ఓపిక పట్టడమే ఆ పని.

పచ్చి మానుతో గోడ లేపితే ఏమవుతుందో వడ్రంగులను అడగండి. కలప ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిడివిలో దాదాపు తగ్గదు. ఇక్కడ దుంగలను పడుకోబెట్టి గోడ కడతారు కాబట్టి ఆ తరుగంతా గోడ ఎత్తులోనే కనిపిస్తుంది. గోడ కిందికి దిగుతుంది. తలుపు బిగుసుకుంటుంది, కిటికీ మీద బరువు పడుతుంది, సందులు నోళ్లు తెరుస్తాయి. బెరడు ఒలవకుండా వదిలేస్తే దాని కింద తేమ నిలుస్తుంది, పురుగు చేరుతుంది. ఈ గుట్ట వెనక ఉన్న మనిషికి ఇవన్నీ తెలుసు.

1968 మే నెల. మీరు నిలబడిన చోటు అలాస్కాలో, ఎగువ ట్విన్ లేక్ దక్షిణపు ఒడ్డు. హోప్ క్రీక్ అనే వాగు గులకరాళ్లను దొర్లించుకుంటూ వచ్చి సరస్సులో కలిసేది ఇక్కడే. చుట్టూ కొండలు, వాటి నెత్తిన తెల్లటి మంచు. సరస్సు మీద మంచుపలక ఇంకా పూర్తిగా కరగలేదు. ఇక్కడికి రోడ్డు లేదు. పోర్ట్ ఆల్స్‌వర్త్ అనే చిన్న ఊరి నుంచి చిన్న విమానంలో కొండలు దాటి రావాలి. ఆ విమానం నడిపేది బేబ్ ఆల్స్‌వర్త్. ఆ ఊరికి పేరు వచ్చింది ఆయన కుటుంబం నుంచే. ఆయన సామాను దింపి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడొస్తాడన్నది వాతావరణం చేతిలో ఉంది.

గుట్ట పక్కన నిలబడ్డ మనిషి రిచర్డ్ ప్రెనెకీ. అందరూ డిక్ అంటారు. ఈ నెలలోనే 52 ఏళ్లు నిండాయి. పుట్టింది అయోవా రాష్ట్రంలో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో వడ్రంగిగా చేశాడు, కీళ్లవాతపు జ్వరంతో నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. తర్వాత డీజిల్ మెకానిక్కు, భారీ యంత్రాల ఆపరేటరు. పనిలో జరిగిన ఒక ప్రమాదంలో కంటిచూపు పోయేంత పనయింది. చూపు నిలిచింది. ఆ చూపుతో ఏం చూస్తూ బతకాలన్నది ఆయన ఇక్కడికొచ్చి తేల్చుకున్నాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఇల్లు పూర్తయ్యేదాకా పక్కనే ఉన్న స్నేహితుడి కేబిన్‌లో తలదాచుకుంటాడు.

ఆయన పనిముట్ల సంచిలోకి చూడండి. ఉలి ఉంది, పిడి లేదు. బరమా ఉంది, దానికీ పిడి లేదు. విమానంలో ప్రతి పౌనూ లెక్కే. ఇనుము మాత్రమే మోసుకొచ్చి, కర్ర పిడులు ఇక్కడి చెట్టుతోనే చేసుకుంటున్నాడు. ఇల్లు మొదలవడానికి ముందు ఇంటిని కట్టే చేతులకు చేతులు చేసుకుంటున్నాడన్నమాట. గొడ్డలి, రంపం, చిత్రిక, మడత కొలబద్ద. కరెంటు లేదు, మోటారు లేదు.

ముందు నేల. పైనున్న నాచుపొర తీసి కింద గులక కనిపించేదాకా శుభ్రం చేస్తాడు. గులకలో నీళ్లు నిలవవు. నీళ్లు నిలవని చోట కలప కుళ్లదు. లోపలి కొలత 11 అడుగులు, 15 అడుగులు. మన ఊళ్లలో ఒక పడకగది అంత. ఒక్క మనిషి వెచ్చగా ఉంచుకోగలిగినంత, ఒక్క మనిషి కట్టెలు కొట్టుకోగలిగినంత. దాని కంటే ఒక్క అడుగు పెంచినా ఆ అడుగుకు సరిపడా కట్టెలు బతికినన్నాళ్లూ కొడుతూనే ఉండాలి.

ఇప్పుడు దగ్గరికి రండి. అసలు పని చూడాల్సింది ఇక్కడ.

మొదటి వరస దుంగలు నేల మీద కూర్చున్నాయి. వాటి మీదికి అడ్డంగా రెండో దుంగను దొర్లించాడు. అది మూల దగ్గర గుండ్రటి వీపు మీద గుండ్రటి పొట్ట ఆనించి ఊగుతోంది. డిక్ కంపాసు తీసుకున్నాడు. ఒక ముల్లు కింది దుంగ వంపు మీద, పెన్సిలున్న ముల్లు పై దుంగ మీద. చెయ్యి నెమ్మదిగా పైకి లేచి అవతలికి దిగుతుంది. కింది దుంగ ఒళ్లు ఎలా ఉందో, ముడి ఎక్కడ ఉబ్బిందో, వంపు ఎక్కడ తగ్గిందో, అచ్చంగా అదే గీత పై దుంగ పొట్ట మీద పడుతుంది. దుంగను వెల్లకిలా తిప్పుతాడు. గొడ్డలితో గంట్లు పెట్టి పేళ్లు లేపుతాడు. తర్వాత ఉలి. గీత దగ్గరికొచ్చేసరికి దెబ్బలు చిన్నవవుతాయి, వాటి చప్పుడు మారుతుంది. మీ కాళ్ల దగ్గర తెల్లటి పేళ్లు పోగుపడతాయి. మళ్లీ బోర్లా తిప్పి దింపుతాడు. ఎక్కడో తగులుతోంది. మళ్లీ ఎత్తుతాడు, తగిలినచోట గోరంత చెక్కుతాడు, మళ్లీ దింపుతాడు.

ఒక మెత్తటి చప్పుడు. దుంగ కూర్చుంది. ఇక ఊగదు.

గాడి పెట్టింది ఎప్పుడూ పై దుంగ కింది వైపునే. కింది దుంగ పైభాగంలో గాడి పెడితే అది దొప్పలా వాననీళ్లు పట్టుకుంటుంది, మూల కుళ్లుతుంది. పై దుంగ పొట్టలో పెడితే నీరు కిందికి జారిపోతుంది. కట్టుబడి సూత్రం ఇంతే: ముందు వచ్చి కూర్చున్నదాన్ని కోయకూడదు. తర్వాత వచ్చిందే తనను చెక్కించుకుని ఒదగాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ మనిషి ఇక్కడ బతకబోయే ముప్పై ఏళ్లూ ఈ మూలలోనే ఉన్నాయి.

దుంగకు మొదలు లావు, కొస సన్నం. ఒక వరసలో మొదలు ఎటు పెట్టాడో, పై వరసలో కొస అటు పెడతాడు. అలా మార్చుకుంటూ పోతే గోడ ఒక పక్కకు వాలకుండా మట్టంగా లేస్తుంది. మధ్యలో ఆగి, పని వదిలి, అవతలికి నడిచి వెళ్తున్నాడు చూడండి. అక్కడ మూడుకాళ్ల స్టాండు మీద 16 మిల్లీమీటర్ల బోలెక్స్ కెమెరా ఉంది. తిప్పి వదిలి, మళ్లీ వచ్చి దుంగ ఎత్తుకుంటాడు. పనీ తనదే, పనికి సాక్ష్యమూ తనదే. మనమిప్పుడు ఇదంతా చూడగలుగుతున్నామంటే ఆ రీళ్లు, ప్రతి రాత్రీ రాసిన ఆ డైరీలే కారణం.

గోడలు తల ఎత్తు దాటాయి. ఇల్లు ఇప్పుడు కప్పులేని పెట్టెలా ఉంది, లోపల నిలబడితే పైన ఆకాశం నలుచదరంగా కనిపిస్తుంది. పొద్దు సగం రాత్రి దాకా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి పనికి గంటలు చాలవన్న బాధ లేదు, దోమల బాధ మాత్రం ఉంది. దుంగకూ దుంగకూ మధ్య సన్నటి సందుల్లో నాచు కూరుతున్నాడు. మీరూ ఒక పిడికెడు తీసుకుని వేళ్లతో లోపలికి నొక్కండి. అది స్పంజిలా నొక్కుకుపోయి సందంతా పట్టేస్తుంది. రేపు జనవరి గాలికి అడ్డం నిలవాల్సింది ఇదే.

తలుపు దగ్గర ఆయన తొందరపడలేదు. దుంగను నిలువునా చేతి రంపంతో కోసి పలకలు తీశాడు. వాటితో తలుపు చేసి, నడుం దగ్గర అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. పై సగం తెరిచి మోచేతులు ఆనించి సరస్సును చూడొచ్చు, కింది సగం మూసే ఉంటుంది, అడవి జంతువు లోపలికి దూరదు. మడతబందులు కూడా కర్రవే. చెక్కి, చీలలు దిగ్గొట్టి, అరగదీసి కూర్చాడు. గడియా కర్రదే. తలుపు మీద వేలు పెట్టి తోయండి. కిర్రుమనకుండా తిరుగుతుంది.

కప్పు వేసే రోజుల్లో మీకు మెడ నొప్పి పుడుతుంది. గోడల మీదుగా నిడివికి దూలాలు పరిచాడు. వాటి మీద సన్నటి స్ప్రూస్ గుంజలు పక్కపక్కనే, వేలు దూరనంత దగ్గరగా పేర్చుకుంటూ పోయాడు. ఆపైన తారు కాగితం, ప్లాస్టిక్ పట్టా. అన్నిటి మీదా అడవి నుంచి బిళ్లలుగా కోసి మోసుకొచ్చిన నాచు. తడి నాచు ఎంత బరువో ఒక్క బిళ్ల ఎత్తితే తెలుస్తుంది. చూరు గోడ దాటి బాగా ముందుకొచ్చింది. అలంకారం కోసం కాదు. గోడ తడవకపోతేనే దుంగ బతుకుతుంది. కప్పు మీద నాచు వేళ్లు పట్టుకుంది. దూరం నుంచి చూస్తే ఇల్లు నేలలోంచి మొలిచినట్టుంది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చూస్తే మీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. ఇంత కష్టపడి కట్టిన గోడను రంపంతో కోశాడు. వెనకగోడలో రాతి పొయ్యికి చోటు కావాలి. వాగు నుంచి, ఒడ్డు నుంచి రాళ్లు ఏరి మోశాడు. విమానంలో వచ్చిన సిమెంటు ఇక్కడి ఇసుకతో కలిపాడు. ఒక్కో రాయిని తిప్పి తిప్పి చూసి, దాని ముఖం ఎటో తేల్చుకుని పెట్టాడు. పొగగొట్టం కప్పు దాటి లేచింది. ఆకులు పండుబారి, కొండల మీది మంచు ఒక్కోరోజూ కిందికి దిగుతున్న కాలానికి, మొదటి మంట వెలిగింది. పొగ నిటారుగా పైకి పోయింది. మీరూ నేనూ పీల్చి వదిలిన ఊపిరి ఆ పొగతో కలిసిపోయింది.

లోపల తిరిగి చూడండి. గోడవారన మంచం. సరస్సు వైపు కిటికీ, దాని కింద బల్ల. అరల నిండా డబ్బాలు. అయిదు గ్యాలన్ల పెట్రోలు డబ్బాలు కోసి, వంచి, అంచులు మడిచి, గిన్నెలూ తొట్లూ నిలవడబ్బాలూ చేశాడు. చెట్టు బుడిపెను తొలిచి గిన్నె చేశాడు. గరిటె స్ప్రూస్ చెక్కది. కింద గులకరాళ్ల నేల. పారేసేందుకు ఏమీ కనిపించదు, ఎందుకంటే ఇక్కడ పారేయడానికి చోటు లేదు. వేటగాళ్లు అడవిలో వదిలిపోయిన చెత్తను కూడా ఆయన ఏరి తెచ్చి శుభ్రం చేసేవాడు.

బయట పొడవాటి గుంజల మీద మరో చిట్టి దుంగల గది ఉంది, తిండి సరుకులు దాచే కొట్టు. పని అయ్యాక నిచ్చెన తీసి పక్కన పెడతాడు, ఎలుగుబంటి అందుకోకుండా. అవతల చిన్న కూరపాదు. ఇవన్నీ కలిస్తేనే ఇల్లు.

ఇప్పుడు చలికాలం. అసలు పరీక్ష ఇదే. నాలుగు రోజులు సెలవుకొచ్చి ఉండడం వేరు, ఇదే నా ఇల్లు అనుకుని ఉండడం వేరు.

తెల్లారలేదు గానీ మీరు లేచారు. నిప్పు రవ్వలు బూడిద కింద ఉన్నాయి, సన్నటి పుల్లలు వేసి ఊదారు. పులిసిన పిండి కుండ పొయ్యికి దగ్గరగా పెట్టి ఉంది. ఆ పిండిని ఆయన ప్రాణంలా కాపాడతాడు. రోజూ కొంత తీసి అట్లు పోస్తాడు, మిగిలినదానికి కొత్త పిండీ నీళ్లూ కలిపి మళ్లీ పులవబెడతాడు. మన ఇళ్లలో దోసెపిండి పులవబెట్టే అమ్మకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. చలికి పిండి చచ్చిపోతే పొద్దుటి తిండి చచ్చినట్టే.

బయటికి అడుగు పెట్టండి. మైనస్ 40. ఈ అంకె దగ్గర సెల్సియస్, ఫారన్‌హీట్ రెండూ ఒకటవుతాయి, ఏ లెక్కలో చెప్పినా అంతే చలి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటాయి. కనురెప్పలు అంటుకుంటాయి. ఊపిరి తెల్లటి పొడిలా రాలుతుంది. సరస్సు ఉన్నట్టుండి కిందినుంచి గర్జిస్తుంది. మంచుపలక బిగుసుకుంటూ పగులుతున్న చప్పుడది. దాని మందం చలికాలం ముదిరేసరికి మూడడుగులు దాటుతుంది. దానికి ఒక కన్నం పొడిచి ఉంచుకోవాలి, రోజూ మళ్లీ పొడవాలి. నీళ్లు దొరికేది అందులోనే. బకెట్టు ఇంటికి చేరేలోపే అంచున మంచు కడుతుంది.

దక్షిణాన కొండలున్నాయి కదా, నడి చలికాలంలో కొన్ని వారాలు సూర్యుడు వాటి తల దాటి రాడు. ఎదుటి కొండల మీద వెలుగు కనిపిస్తుంది గానీ మన గుమ్మం మీద పడదు. ఆ వారాల్లో మనిషిని నిలబెట్టేది పని. కట్టెలు కోయాలి, చీల్చాలి, పేర్చాలి. మంచు బూట్లు కట్టుకుని సరస్సు మీద నడిచి రావాలి. ఉష్ణోగ్రత రాయాలి. గుమ్మం ముందు వాలే పిట్టలకు అట్టుముక్క పెట్టాలి. రాత్రి కిరోసిన్ దీపం కింద ఆ రోజు చూసిన కారిబూ జింకల మంద ఎటు వెళ్లిందో, ఒంటరి తోడేలు జాడ ఎక్కడ కలిసిందో డైరీలో ఎక్కించాలి. పైలట్ ఉత్తరాలతో, సరుకులతో వస్తాడని ఎదురుచూసిన రోజున మంచుతుఫాను వస్తుంది. మరో వారం ఎదురుచూడాలి. మీకు ఒంటరితనం అనిపించవచ్చు. డిక్ మాత్రం ఆ వారంలో కొత్త గరిటె చెక్కుకున్నాడు.

ఒకనాడు అర్ధరాత్రి గోడలో ఠప్పుమని చప్పుడు. ఉలిక్కిపడకండి. కలప తన లోపలి తేమను వదులుకుంటూ చీలిన చప్పుడది. దుంగ నిడివికి సన్నటి బీట పడుతుంది, గోడ బలం తగ్గదు. దుంగల ఇంట్లో ఉండేవాళ్లు ఈ చప్పుళ్లకు అలవాటు పడతారు. మొదటి ఏళ్లలో సందుల్లో నాచు మళ్లీ కూరాలి. మంచు కరిగే రోజుల్లో కప్పు చూసుకోవాలి. మూలలు ఎక్కడ తడుస్తున్నాయో కనిపెట్టాలి. కట్టడం ఒక వేసవి పని. చూసుకోవడం మాత్రం మిగతా జన్మంతా చేసే పని. శాశ్వతంగా ఉండాలనుకునేవాళ్లు ముందుగా ఒప్పుకోవాల్సిన సంగతి ఇదే.

ఆయన ఒప్పుకున్నాడు. మధ్యలో అయినవాళ్లను చూడ్డానికి వెళ్లివచ్చాడు గానీ, 1968 నుంచి 1998 దాకా చాలామటుకు ఆయన ఇల్లు ఇదే. మొదట్లో వేటాడిన మనిషి, పోనుపోను తుపాకీ పక్కన పెట్టి చూడ్డానికే కొండలెక్కాడు. ఈ నేల మీద ఆయనకంటే ముందు తరతరాలుగా డెనైనా ప్రజలు బతికారు, వాళ్లకంటే ముందు కారిబూలూ గొర్రెలూ ఎలుగుబంట్లూ ఉన్నాయి. ఆయన చివర వచ్చిన దుంగ. కిందున్నవాటిని కోయకుండా తననే చెక్కుకున్నాడు. నేను ఈ ఇంటిని ప్రేమించడానికి కారణం దాని అందం కాదు, ఈ నడవడి. అడవిలో ఇల్లు కట్టుకోవాలని కలలు కనేవాళ్లు చాలామంది అడవిని చదును చేసి తమ కొలతకు తెచ్చుకుంటారు. ఈయన తన కొలతను తగ్గించుకున్నాడు.

డైరీల ఆధారంగా ఆయన స్నేహితుడు శామ్ కీత్ కూర్చిన పుస్తకం ‘వన్ మ్యాన్స్ వైల్డర్‌నెస్’ 1973లో వచ్చింది. 1980లో ఈ ప్రాంతమంతా లేక్ క్లార్క్ నేషనల్ పార్క్ అయింది. ఆయన పార్కు వాళ్లకు జంతువుల లెక్కలూ వాతావరణపు లెక్కలూ రాసి ఇస్తూ వచ్చాడు. 82వ ఏట ఒంట్లో సత్తువ తగ్గి, కాలిఫోర్నియాలో తమ్ముడి దగ్గరికి వెళ్లాడు. ఇంటిని పార్కుకు ఇచ్చేశాడు. 2003 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. 2007లో ఆ దుంగల ఇల్లు అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది.

మీరు నిజంగా వెళ్లాలనుకుంటే ఇవాళ్టికీ దారి అదే. రోడ్డు లేదు. నీళ్ల మీద దిగే చిన్న విమానంలో వెళ్లి, గులకరాళ్ల ఒడ్డున కాలు పెట్టాలి. గుమ్మం దగ్గర ఆగి, ముందు మూల మీద చెయ్యి పెట్టి చూడండి, పై దుంగ కింది దుంగను ఎలా పట్టుకుని ఉందో. తర్వాత తలుపు తోయండి. ఇల్లు కట్టుకోబోయేవాళ్లెవరైనా సరే, అపార్టుమెంటైనా పెంకుటిల్లైనా, ఒక్క మాట అడగాలనుంది: మీరు రాకముందు అక్కడ ఏముందో చూశారా? పార్కు వాళ్లు ఇప్పటికీ ఏటా వేసవిలో ఆ నాచుకప్పును చూసుకుంటున్నారు, వచ్చినవాళ్లకు ఆ తలుపు తీసి లోపల చూపిస్తున్నారు.